పెద్ద మాస్టర్ సిలిండర్ వేసినంత మాత్రాన బ్రేకు బాగుపడదు

పాత జీపుకు ముందు చక్రాల డ్రమ్ బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు వేయించుకున్న వారి కోసమంటూ ఒక సందేశం వరంగల్, ములుగు ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పెడల్ మెత్తగా దిగితే పెద్ద మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) బిగించాలని, ఇక పైపుల్లో చేరిన ఎయిర్ తీసే పని ఉండదని, డాట్ 5 రకం బ్రేకు ఆయిల్ పోస్తే అన్నిటికన్నా మేలని, కొత్తలో చక్రాలు వేడెక్కడం మామూలేనని అందులో ఉంది. ఇవన్నీ తప్పులే, మొదటిదైతే ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

పెద్ద సిలిండర్‌తో పెడల్ గట్టిపడే మాట నిజమే. కానీ పెడల్ గట్టిదనం వేరు, బండిని ఆపే ఒత్తిడి వేరు. 19.05 మిల్లీమీటర్ల సిలిండర్ తీసి 22.2 మిల్లీమీటర్లది పెడితే పిస్టన్ వైశాల్యం పెరుగుతుంది కనుక, అంతే బలంతో తొక్కినా పైపుల్లో ఒత్తిడి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. తాడ్వాయి అడవి దారిలో పశువులు అడ్డం వచ్చినప్పుడు ఆ లోటు తెలుస్తుంది. వెనుక డ్రమ్ముల లైనర్లు అడ్జస్ట్ చేసి, ఎయిర్ పూర్తిగా తీశాక కూడా పెడల్ చాలా దూరం దిగి చివర గట్టిగా నిలుస్తుంటే మాత్రం, కాలిపర్లకు (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగాలకు) సరిపడా ఆయిల్‌ను పాత సిలిండర్ నెట్టలేకపోతోందని అనుమానించవచ్చు; పెద్దది అవసరమయ్యేది అప్పుడే. కాలు నొక్కి పట్టుకున్నా పెడల్ మెల్లగా జారిపోతూ, బయట ఎక్కడా తడి లేకుంటే, సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయని చూడాలి. దానికి సైజు మార్చనక్కరలేదు.

ఎయిర్ సంగతికి వస్తే, గాలి నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు. పెడల్ స్పంజిలా అనిపించడానికి ముఖ్య కారణం అదే. డిస్కులు మార్చిన బండిలో ముందుగా కాలిపర్ మీది బ్లీడింగ్ నిప్పల్ (ఎయిర్ బయటికి వదిలే చిన్న మర) ఎక్కడుందో కళ్లతో చూడాలి. కుడివైపుది ఎడమకు, ఎడమవైపుది కుడికి బిగించి ఉంటే నిప్పల్ కిందికి వస్తుంది. అప్పుడు ఎన్ని డబ్బాల ఆయిల్ పోసినా పైభాగంలోని బుడగ కదలదు. కాలిపర్లను తారుమారు చేసి, నిప్పల్ పైకి వచ్చేలా బిగించాకే ఎయిర్ తీయాలి.

డాట్ 5 సిలికాన్ ఆయిల్. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ రకాలు. వాటితో అది కలవదు. సాధారణ వాడకానికి, 230 డిగ్రీల దాకా మరగని కొత్త డాట్ 4 చాలు.

చక్రాలు వేడెక్కడాన్ని కొత్తదనం అనుకొని వదిలేయడం చాలా ప్రమాదం. డ్రమ్ముల కోసం చేసిన పాత సిలిండర్‌లో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు ఉండవచ్చు. అది డిస్కు ప్యాడ్లను వదలనివ్వదు. కాలి బలాన్ని పెంచే బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీకి (పుష్‌రాడ్‌కు) సందు లేకపోయినా ఆయిల్ వెనక్కి రాదు. చక్రం పట్టేసినప్పుడు, బండి కదలకుండా అడ్డు పెట్టి, మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే నట్లను కొద్దిగా వదులు చేయాలి. చక్రం వదిలితే దోషం పుష్‌రాడ్‌ది. వదలకుండా, నిప్పల్ తెరిచినప్పుడే వదిలితే వాల్వునో హోస్ పైపునో చూడాలి. అప్పటికీ వదలకపోతే కాలిపర్ పిస్టన్ గానీ, కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్ గానీ పట్టేసినట్టు.