టిఫిన్లయ్యాక రమ్మని పోటుకు కబురు

అమలాపురం చుట్టూ నీళ్లే. తూర్పున గౌతమి, పడమట వైనతేయ, దాని అవతల వసిష్ఠ, దక్షిణాన సముద్రం. ఊళ్లో మాత్రం ఉన్నది పంట కాలవ, దాని మీద గుర్రపుడెక్క. పెళ్లిలో ఊరందరికీ వడ్డించి ఇంటి ఆడపడుచుకే విస్తరి వేయడం మరిచిపోయినట్టుంది గోదారమ్మ వ్యవహారం. రైలు సంగతి సరే, దశాబ్దాలుగా వస్తూనే ఉంది. 2022లో జిల్లా కేంద్రం కూడా అయింది. జిల్లా కేంద్రం అన్నాక కలెక్టరేటు, ట్రాఫిక్ జాము, బోటు టూరు ప్రణాళిక మూడూ ఉండి తీరాలి. మొదటి రెండూ సమకూరాయి కాబట్టి మూడోదాని గురించి నాలుగు ముక్కలు చెప్పడం మా బాధ్యత.

ప్రణాళికలో మొదటి మెట్టు పడవ కాదు, ఫ్లెక్సీ. దాని మీద హౌస్‌బోటు బొమ్మ ఉండాలి, ఆ బొమ్మ అలప్పుళలో తీసినదై ఉండాలి. కింద 'ఆంధ్రా కేరళ' అని ఉండాలి. అక్కడి 'కాయల్' అనే బ్యాక్‌వాటర్ల నీళ్లు నిలకడవి, మన పాయల్లో మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, పోటూ (నీరు లేవడం) పాటూ (నీరు దిగడం) గంటగంటకీ లాగుతుంటాయి, చదును అడుగుతో ఎత్తుగా కట్టిన పడవకు పక్కగాలి తగిలితే చుక్కాని మాట వినదు అని ఎవరైనా అన్నారనుకోండి, ఆయనది కృష్ణా జిల్లా అయి ఉంటుందని అనుమానించండి. దిండి రేవులో హాయిగా తిరిగే పడవ అంతర్వేది మొగ దగ్గర పనికిరాదన్న సంగతి మొదటి ట్రిప్పులో ఎలాగూ తెలుస్తుంది. ముందే తెలుసుకుని మనసు పాడుచేసుకోవడం ఎందుకు?

రెండో మెట్టు టైంటేబులు. ఇక్కడే ప్రణాళిక కర్తల ప్రతిభ బయటపడేది. ఉదయం ఏడింటికి గడియార స్తంభం దగ్గర బస్సు. దారిలో పెసరట్టు ఉప్మా. పదింటికి రేవు, ఒంటిగంటకు పడవ మీద భోజనం, నాలుగింటికి సంగమ దర్శనం, ఏడింటికి ఇల్లు. పెసరట్టుకి గంట, కాఫీకి పావుగంట, ఫొటోలకు అరగంట కేటాయించారు. పోటుకు మాత్రం ఏమీ కేటాయించలేదు. టిఫిన్లయ్యాక రమ్మని దానికి కబురు పంపారు కాబోలు.

పోటుకు ఒక దురలవాటు ఉంది. చెప్పిన వేళకు రాదు, తన వేళకు వస్తుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకదాని నుంచి ఇంకోదానికి ఆరుంపావు గంటలు. ఇవాళ పదింటికి నిండుగా ఉన్న రేవు రేపు నిండేది పదకొండుకి పది నిమిషాల ముందు. పంచాంగం భాషలో తిథికి రెండు ఘడియలు ఆలస్యమవుతుంది. ఈ ఏకాదశికి పోటు ఏ వేళకు వచ్చిందో, వచ్చే ఏకాదశికీ ఇంచుమించు అదే వేళకు వస్తుంది. రేవు మెట్ల మీద సున్నంతో గీతలు పెట్టి, ఒక పక్షం రోజులు నీళ్లు ఏ గీతకు ఎప్పుడొచ్చాయో రాసుకుంటే ఏడాది టైంటేబులు పైసా ఖర్చు లేకుండా తయారవుతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు మీటరు పైనే లేస్తుంది. అష్టమి దాటాక అందులో సగమే. కానీ పదిహేను రోజులు రేవులో కూర్చుంటే ప్రారంభోత్సవం ముహూర్తం దాటిపోదూ? రిబ్బను కత్తిరించడానికి పంచాంగం చూడాలి గాని, పడవ తేలడానికి చూడటమేమిటి, చాదస్తం కాకపోతే.

రేవు కట్టడంలోనూ ఇదే సూక్ష్మబుద్ధి కనిపించాలి. నిండు పోటులో కొలతలు తీసుకుని గట్టి కాంక్రీటు జెట్టీ పోయాలి. ఆ వేళకు పడవ అంచూ జెట్టీ అంచూ సమానంగా ఉంటాయి, ఫొటోలో బాగుంటుంది. పాటులో అదే పడవ మనిషి రొమ్ము లోతుకు దిగిపోతుంది. అప్పుడు మామగారిని ఇద్దరు కళాసులు రెక్కలు పట్టి కిందికి జారవిడుస్తారు, అత్తగారు బస్సులోనే ఉంటానంటారు. నీటితోపాటు లేచి దిగే పాంటూను, దానికి గట్టు వైపు మడత బందులతో నడక బల్ల పెడితే ఈ ఇబ్బంది ఉండదు. కానీ తేలే వస్తువు మీద శిలాఫలకం నిలబడదు.

ఇక అసలు ప్రయాణం. మొగ వైపు వెళ్లేటప్పుడు నీరు లేస్తున్న వేళ వెళ్లాలని పడవ నడిపే సరంగులందరికీ తెలుసు. కారణం పెద్ద శాస్త్రమేమీ కాదు. లేచే నీటిలో ఇసుక మేట తగిలితే అరగంట ఆగితే నీరే పడవను ఎత్తి పక్కన పెడుతుంది. దిగే నీటిలో తగిలితే మళ్లీ అంత నీరు వచ్చేసరికి రాత్రవుతుంది. మన టైంటేబులు ప్రకారం నాలుగింటికి సంగమం కదా, పాటు మొదలైన రోజున సరిగ్గా మేట మీదే దర్శనం. అప్పుడు ఔత్సాహికుడైన డ్రైవరు ఇంజను రెట్టింపు రేసు చేస్తాడు. పడవను తోసే అడుగు ఫ్యాను ఇసుకలో కొట్టుకుని దాని పిన్ను తెగుతుంది. ఆ పిన్ను తెగడానికే పెట్టింది, లేకపోతే గేరే పోతుంది. ఖరీదు పెద్దదేమీ కాదు, స్పేరు నాలుగు పెట్టుకోవచ్చు. పెట్టుకోరు. పిన్ను నిలిస్తే ఇంకో తమాషా. ఇంజను చల్లబడటానికి అడుగు నుంచి లాగే నీటిలోకి బురద ఎక్కి జల్లెడ మూసుకుపోతుంది, పక్కనుంచి పడే నీటిధార సన్నబడుతుంది, ఆవిరి కొడుతుంది. ఆ ధార వంక ఓ కన్నేసి ఉంచడం కుర్రాడి పని. కుర్రాడు సౌండు బాక్సు దగ్గర ఉన్నాడు.

ఏదోలా బయటపడి మొగకు చేరారనుకుందాం. మధ్యాహ్నం దాటాక గాలి సముద్రం మీంచి లోపలికి కొడుతుంది, పాటు నీరు లోపలినుంచి బయటికి ఉరుకుతుంది. రెండూ ఎదురెదురు. ఉదయం నున్నగా ఉన్న చోటే పొట్టి పొట్టి కెరటాలు నిలువుగా లేస్తాయి. అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు అది కనువిందు. పడవలో ఉన్నవాళ్లకు పొద్దున తిన్న పెసరట్టు గుర్తొస్తుంది.

ఏడాదిలో ఎన్నాళ్లు నడపవచ్చన్నది చిన్న లెక్క. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే సుమారు పది లక్షల క్యూసెక్కులు కిందికి వస్తాయి, లంకల్లో కాజ్‌వేలు మునుగుతాయి. అసలు హెచ్చరిక దాకా ఆగనక్కర్లేదు. నీరు ఎర్రబడి దుంగలు కొట్టుకొస్తున్నాయంటే పడవ కట్టేయాల్సిందే. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. డిసెంబరు, జనవరిలో బాగుంటుంది, తొమ్మిదింటి దాకా పొగమంచు ఎత్తకపోతే. మార్చి తర్వాత పొద్దున పూట పరవాలేదు, మధ్యాహ్నం ఎండా గాలీ. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఓ ఏడు నెలలు, అవీ చాలావరకు ఉదయాలే. బ్యాంకు వారికిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో మాత్రం 365 రోజులు, రోజుకు మూడు ట్రిప్పులు వేయాలి.

మెనూలో పులస తప్పకుండా పెట్టాలి. పుస్తెలమ్మైనా తినమన్నారు కాబట్టి రేటు మన ఇష్టం. పులస ఎదురెక్కేది ఎర్రనీరు దిగినప్పుడే, అంటే పడవలు కట్టేసినప్పుడే. పడవ తిరిగే రోజుల్లో పులస ఉండదు, పులస ఉన్న రోజుల్లో పడవ తిరగదు. ఈ సమస్యను పరిష్కరించడానికే దేవుడు సముద్రంలో, గోదారి ఎక్కితే పులసయ్యే ఇలస చేపను, తర్వాత ఐసు పెట్టెను సృష్టించాడు.

లోడు విషయం. సర్టిఫికెట్టులో నలభై మంది అని ఉంటే పెద్దవాళ్లు నలభై అని, చంటిపిల్లలు, వంటవాళ్లు, స్నేహితుల బావమరుదులు అదనమని అర్థం చేసుకోవడం ఆచారం. మనిషికి 70 కిలోల చొప్పున నలభై మందికి 2,800 కిలోలు. కూర్చుని ఉంటే ఈ బరువు పడవకు లెక్క కాదు. అందులో ముప్పై మంది సెల్ఫీకని పై అంతస్తు ఎక్కి ఒకే వైపుకు జరిగితే రెండు టన్నుల పైన ఎత్తుకెక్కి, అంచుకు చేరినట్టు. పడవ ఒరగగానే అడుగున తోడకుండా వదిలేసిన నీళ్లూ అటే పరిగెత్తి సాయం చేస్తాయి. అందుకే పై అంతస్తులో డాన్సు, కింద తోడని నీళ్లు ఒకే ట్రిప్పులో ఉండకూడదని తెలిసినవాళ్లు అంటారు. టిక్కెట్లు అమ్మేవాళ్లు ఆ మాట వినలేదు, డీజే మోగుతోంది.

లైఫ్‌జాకెట్లు ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు, అంత భద్రంగా ఉన్నాయి. కొన్ని విప్పి కుర్చీల మీద మెత్తగా ఉంటాయని వేశారు. ఏళ్ల తరబడి వాటి మీద కూర్చుంటే లోపలి ఫోము అణగిపోయి తేలే గుణం పోతుంది. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లాడికి తొడిగితే నీళ్లలో అది పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు. పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు, పరీక్ష అంతే. ఒక్కొక్కరికి అర నిమిషం పడుతుంది. నలభై మందికి ఇరవై నిమిషాలు. ఫొటోలకు కేటాయించిన అరగంట గుర్తుందా?

ఇక్కడ వ్యంగ్యం కాస్త గొంతులో అడ్డం పడుతుంది. 2017 నవంబరు 12న కృష్ణా పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోల్తా పడినవి టూరు పడవలే. కచ్చులూరు నాటికి గోదావరి వరద మీదే ఉంది. మునిగిన ఆ పడవను ఐదు వారాలకు గాని పైకి తీయలేకపోయారు. తర్వాత కంట్రోల్ రూములు పెట్టారు. తర్వాత పెట్టడంలో మనం ఎవరికీ తీసిపోం.

అనుమతుల గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం సర్వే, రిజిస్ట్రేషను, సిబ్బందికి సర్టిఫికెట్లు, బీమా అన్నీ అడుగుతుంది. పోర్టు వారు పర్యాటకం వారు చూశారనుకుంటారు, పర్యాటకం వారు ఇరిగేషను వారు చూశారనుకుంటారు, ఇరిగేషను వారు నీళ్లు చూస్తారు. అందరూ కలిసి చూసేది రిబ్బను.

కొందరు పెద్దలు ఊళ్లోంచే కాలవ మీద టూరు వేద్దామంటున్నారు. మంచి ఆలోచనే. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలవలు తవ్వింది సాగుకీ పడవలకీ కలిపే. లాకుల్లో నీరు పెంచుతూ దించుతూ ధాన్యం పడవలు నడిచేవి. లొల్ల లాకులు ఇప్పటికీ ఫొటోలకు పనికొస్తున్నాయి. ఇప్పుడు కాలవ మీద ప్రతి ఫర్లాంగుకీ ఓ వంతెన, వంతెన కింద మంచినీళ్ల పైపు, పైపుకి గుర్రపుడెక్క దండ. ఫ్యానుకు ఆ వేళ్లు చుట్టుకుంటే ఒకడు నడుంలోతు దిగి కత్తితో కోయాలి. వేసవిలో మరమ్మతులకని కాలవే కట్టేస్తారు. ప్రయాణికులు తల వంచి, వంతెనకొకసారి పడుకుని లేస్తామంటే ఈ టూరుకు ఆరోగ్య శాఖ సహకారం కూడా అడగవచ్చు.

ఇంత ప్రణాళిక జరుగుతుండగా సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పడవ) తన మానాన తాను వసిష్ఠ దాటుతూనే ఉంటుంది. కార్లు, మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లికెళ్లేవాళ్లు అందరూ అందులోనే. సరంగు నీళ్ల వంక చూసి, పాటు లాగుడుకు సరిపడా పంటు ముక్కు ఎగువకు పెట్టి, ఏటవాలుగా దాటించి అవతలి ర్యాంపుకి తిన్నగా ఆనిస్తాడు. ఫ్లెక్సీ లేదు, డీజే లేదు, ముహూర్తం లేదు కాబట్టి దీన్ని బోటు టూరుగా గుర్తించడానికి నిబంధనలు ఒప్పుకోవు. వెళ్లేవాళ్లు తిరుగు పంటు ఆఖరుది ఎన్నింటికో దిగేటప్పుడే కనుక్కోండి. వరద రోజుల్లో అసలు నడవదు. ఎందుకు నడపడం లేదని మాత్రం అడక్కండి. సరంగు చెయ్యెత్తి గోదారి వైపు చూపిస్తాడు.