పాపికొండల బోటులో పై డెక్ గొడవ

పాపికొండల బోటెక్కితే గోదారి చూస్తామనుకుంటాం. ఎక్కాక కనపడేది వేరే లోకం. రెండు వైపులా కొండలు దగ్గరికొచ్చేస్తుంటే పైన డీజే, మైకులో అంత్యాక్షరి. ఓ మూల లైఫ్ జాకెట్ తలకింద పెట్టుకుని గురక తీసే పెద్దాయన. ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ పులిహోర పంచే పిన్నిగారు. వీళ్లంటే ముచ్చటే. గొడవల్లా ఆ పై డెక్ గురించే.

"అదిగో పేరంటపల్లి" అని మైకులో వినపడగానే అందరూ ఫోన్లతో ఒకే పక్క రెయిలింగుకి ఎగబడతారు. లెక్క చూడండి. 80 మంది, మనిషికి 60 కిలోలు. సగం మంది అంచుకి చేరితే 2,400 కిలోలు ఒక పక్కకి జరిగినట్టు, అదీ నీటికి అంత ఎత్తున. బరువు పైకి పోయేకొద్దీ ఒరిగిన బోటు మళ్లీ నిలదొక్కుకోవడం కష్టం. మలుపులో బయటి గట్టు వైపు లోతూ ఒరవడీ రెండూ ఎక్కువే. బోటు నడిపే సరంగు దాని ముక్కుని ఒరవడికి ఎదురుగా నిలిపి ఇంజను వేగం పడిపోకుండా చూసుకోవాలి. పడిపోయిందా, ముక్కు తిరిగిపోయి నీళ్ల తోపంతా బోటు పక్క మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే జనం కూడా అటే ఉంటే? ఆయన "కూర్చోండి బాబూ" అని అరిచినా డీజేలో ఎవరికి వినపడుతుంది!

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదారిలో బోటు మునిగింది. ఆ లోతులోంచి ధర్మాడి సత్యం బృందం దాన్ని బయటికి లాగేసరికి అక్టోబరు 22 అయింది. ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఎంత మంచి బోటైనా ఎక్కకండి, అంతే.

జాకెట్ రేవులోనే వేసుకోండి. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించి, పక్కవాళ్లని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే. పిల్లలకి పెద్దల జాకెట్ తొడిగితే నీళ్లలో చేతులెత్తగానే ఊడొచ్చేస్తుంది. ఇంకోటి చాలామందికి తట్టదు: జాకెట్ వేసుకుని కింద మూసేసిన ఏసీ గదిలో కూర్చోవద్దు. బోటు తిరగబడితే ఆ తేలే గుణమే మిమ్మల్ని గదిలో పైకి అదిమేస్తుంది, కిందికి మునిగి తలుపు దాకా వెళ్లనివ్వదు. పక్కలు తెరిచి ఉన్న చోటే కూర్చోండి.

గండి పోచమ్మ దగ్గరైనా పోచవరంలోనైనా టికెట్ తీసుకునే ముందే అడగండి, పై డెక్ మీదికి ఒకేసారి ఎంతమందిని పంపుతారని. "ఎంతమందైనా ఎక్కొచ్చండీ" అంటే ఆ బోటు వదిలేయండి.