కాలువలకు కాంక్రీటు వేస్తే కోనసీమ బావులు ఏం కావాలి?

గోదావరి డెల్టా ఆధునికీకరణ ఊసెత్తిన ప్రతిసారీ కాలువల లైనింగ్ చర్చ తప్పకుండా వస్తుంది. ధవళేశ్వరంలో వదిలిన నీటిలో కొంత దారిలోనే ఇంకిపోతోందని, అడుగూ గట్లూ కాంక్రీటుతో కప్పేస్తే అదంతా శివారు పొలాలకు చేరుతుందని చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ లెక్క సగమే. ఇంకిన నీరు ఎక్కడికీ పోలేదు. డెల్టా ఊళ్ల బావుల్లో, ఫిల్టర్ పాయింట్లలో (తక్కువ లోతు గొట్టపు బావుల్లో), కొబ్బరి తోటల వేళ్ల దగ్గర ఉన్నది అదే. దాన్ని నష్టాల ఖాతాలో రాసి, ఆపడానికి కోట్లు ఖర్చు పెట్టడం కోనసీమకు చేటు.

డెల్టా కింద ఏముందో తెలిస్తే ఈ మాట అతిశయోక్తి అనిపించదు. ఇది సముద్రాన్ని వెనక్కి నెడుతూ నది పోసిన నేల. ఒకప్పుడు నది పారి వదిలేసిన దారుల్లో, పాత తీరరేఖల వెంట మిగిలిన దిబ్బల్లో ఇసుక ఉంది. ఆ ఇసుకలో తీపి నీరు ఉంది. మధ్యలోని బంకమట్టి పొరల్లో నాటి సముద్రపు ఉప్పు ఇంకా అలాగే ఉంది. అందుకే ఒక వీధిలో బావి నీళ్లు కమ్మగా ఉంటే పక్క వీధిలో నోట పెట్టలేం. రాయలసీమ రైతు ఇంకా లోతుకు వెళ్తే నీరు పడుతుందని ఆశపడతాడు. అంబాజీపేట, అల్లవరం వైపు రైతు ఇంకాస్త దింపితే ఉప్పు తగులుతుందని భయపడతాడు.

తీపి నీరు తేలిక, ఉప్పునీరు బరువు. నీళ్ల మీద నూనె తేలినట్టు, సముద్రపు నీటి మీద మంచినీరు ఒక పొరలా తేలుతుంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు యూరపు పరిశోధకులు వంద ఏళ్లకు పైగా కిందటే దీనికి లెక్క కట్టారు. సముద్రమట్టం కంటే భూగర్భ జలం 1 మీటరు ఎత్తున ఉంటే, ఆ మట్టానికి కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరు నిలుస్తుంది. ఇసుక పొరలు ఒకే తీరుగా ఉన్నచోట వర్తించే లెక్క ఇది. మన బంకమట్టి పొరల మధ్య అంకె మారుతుంది, దిశ మారదు. దీన్ని తిరగేసి చదివితే అసలు విషయం అర్థమవుతుంది. పైన అర మీటరు దిగితే, కింద ఉప్పునీరు కాలక్రమంలో 20 మీటర్లు పైకి రాగలదు. డెల్టా దిగువ భాగంలో చాలా నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. అక్కడ ఆ అర మీటరును నిలబెట్టేది వానలతో పాటు కాలువల ఊట, వరిచేలలో నిలిచిన నీరు. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ ఇప్పుడు సుమారు 10 లక్షల ఎకరాలకు నీళ్లిస్తోందని గర్వంగా చెప్పుకుంటాం. ఆ కాలువలు నూట డెబ్బై ఏళ్లుగా నేల కింద మరో జలాశయాన్ని కూడా నింపుతూ వచ్చాయి. దాని గురించి ఏ ప్రాజెక్టు నివేదికలోనూ ఒక పద్దు ఉండదు.

ఎందుకు ఉండదంటే మనం కొలిచే పద్ధతే అలాంటిది. ఏటా ఊరే నీటిలో తోడుతున్నది 70 శాతం లోపు ఉంటే ఆ ప్రాంతం సురక్షితమని ప్రభుత్వ వర్గీకరణ. నీటిమట్టం నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని పత్రికలు రాస్తాయి. డెల్టాలో రెండు మూడు మీటర్లలోనే నీరు కనిపిస్తుంది కాబట్టి అంతా క్షేమమే అనుకుంటారు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ఏ లోతు దాకా తీపి, ఎక్కడ ఉప్పు మొదలు, ఆ సరిహద్దు ఏటా ఎటు జరుగుతోంది?

ఆ జరుగుదల మెల్లగా ఉండటమే పెద్ద ప్రమాదం. బెలుం, బొర్రా గుహల వంటి సున్నపురాతి నేలల్లో నీరు రాతి సొరంగాల గుండా పరుగెడుతుంది. ఒకచోట రంగు కలిపితే కొన్ని గంటల్లోనో రోజుల్లోనో కిలోమీటర్ల అవతలి ఊటలో తేలుతుంది. తప్పు చేస్తే వెంటనే బయటపడుతుంది. మన ఇసుకలో నీరు ఏడాదికి మీటర్ల లెక్కన పాకుతుంది. ఇవాళ కాలువకు కాంక్రీటు వేసిన ఇంజినీరు పదవీ విరమణ చేశాక బావి ఉప్పెక్కుతుంది. అప్పుడు ఎవరిని అడుగుతాం?

లైనింగ్ కావాలనేవారి వాదనలో న్యాయం లేకపోలేదు. శివారు రైతు దాళ్వాలో (రెండో పంట కాలంలో) వంతులవారీ నీటికి ఎదురుచూసి పంట ఎండబెట్టుకుంటున్న మాట నిజం. మురుగు పారని చోట నేల ఉబికి చవుడు తేలుతున్నదీ నిజమే. అయితే శివారుకు నీరు చేరకపోవడానికి తూడు (కాలువలో పెరిగే కలుపు), పూడిక, పాడైన తలుపులు, దారిలో అడ్డగోలు తూములు కూడా కారణాలే. ముందు వాటిని చక్కదిద్దండి. గట్టు జారే చోట రాతికట్టు కట్టండి. అడుగును మాత్రం నేలకే వదలండి.

ఇంకో విషయం చెప్పకుండా ఈ చర్చ ముగించలేను, నిజానికి అసలు గొడవ అక్కడే ఉంది. పైనుంచి ఊట ఆపాలని చూస్తున్న కాలంలోనే కిందినుంచి ఉప్పును మనమే పైకి తోడుతున్నాం. సముద్రానికి దూరంగా ఉన్న వరిపొలాల మధ్య వనామీ రొయ్యల చెరువులు తవ్వి, లోతు బోర్లతో ఉప్పునీరు ఎత్తి నింపుతున్నారు. రొయ్యలు పట్టేశాక ఆ నీటిని మురుగు కాలువలోకి వదులుతున్నారు. పక్క చేను చవుడు బారితే ఆ రైతు కూడా చివరికి చెరువే తవ్వుకుంటాడు. సాగు భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కేంద్రం తెచ్చిన కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంతో ఆ తీర్పు పట్టు సడలింది.

మూలం ఇంకా వెనక ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, స్పష్టమైన దారిలో ప్రవహించని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానిది. మన ఇసుకలో నీటికి అలాంటి దారి ఉండదు, అన్ని సర్వే నంబర్ల కిందా ఒకటే పొర. బ్రిటిష్ కాలపు ఆ ఊహ మీద ఇవాళ ఒక యజమాని బోరు, ఊరందరి బావి మీద తీర్పు చెబుతోంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్లకు అనుమతి, నమోదు తప్పనిసరి చేసింది, మంచిదే. కానీ అమలులో దాని చూపంతా నీరు అడుగంటిన మెట్ట మీదే ఉంది. నీరు ఉండి ఉప్పెక్కుతున్న పల్లపు ఊళ్లకు దానివల్ల దక్కింది తక్కువ.

భూగర్భ జలం ఊరి ఉమ్మడి ఆస్తి అని చట్టంలో రాయాలి. ఉప్పునీటి బోరుకు గ్రామసభ ఒప్పుకోలు లేకుండా అనుమతి ఇవ్వకూడదు. కాలువ పనుల టెండరు పిలిచే ముందు ఆ కాలువకు ఇరువైపులా వేర్వేరు లోతుల్లో ఉప్పుశాతం కొలిచి, ఫలితాలు గ్రామ సచివాలయంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. వేసవిలో కాలువలు కట్టేసిన వారం ఒకసారి, మళ్లీ నీరు వదిలాక ఒకసారి కొలిస్తే చాలు, ఏ బావి ఏ కాలువ మీద బతుకుతోందో తేలిపోతుంది. అప్పటిదాకా ఒక్క కాలువ అడుగునా కాంక్రీటు పోయకూడదు.