అంకెల్లోనే మోగుతున్న ఎఫ్‌ఎం

ఆకాశవాణి దేశ జనాభాలో 99 శాతానికి పైగా, భూభాగంలో 92 శాతానికి చేరుతోందని కేంద్రం ఏళ్ల తరబడి చెప్పుకుంటోంది. ఆ లెక్కలో ఎఫ్‌ఎంకు ముందునుంచీ ఉన్న పాత రేడియో ప్రసారం మీడియం వేవ్ కూడా కలిసి ఉందన్న సంగతి మాత్రం గట్టిగా చెప్పదు. ఒక్క ఎఫ్‌ఎం సంగతే తీస్తే, 2023 జనవరిలో రూ.2,539 కోట్లతో ఆకాశవాణి, దూరదర్శన్‌ల ప్రసార వసతులు పెంచే ‘బైండ్’ పథకాన్ని ఆమోదించినప్పుడు సర్కారు తన నోటితో చెప్పిన అంకెలు వేరు. అప్పటికి భూభాగంలో 59 శాతం, జనాభాలో 68 శాతం. 2025-26 నాటికి చేరాలనుకున్న లక్ష్యం 66 శాతం, 80 శాతం. అంటే పథకం నూటికి నూరుపాళ్లు నెరవేరినా ఐదుగురిలో ఒకరికి ఎఫ్‌ఎం వినపడదు. మరోపక్క మీడియం వేవ్‌ను క్రమంగా వదిలించుకునే పని సాగుతోంది. ఉన్నదాన్ని తీసేస్తూ కూడా పాత 99 శాతాన్నే వల్లిస్తామంటే ఎవరిని నమ్మించడానికి?

మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పోతాయి. విజయవాడ కేంద్రం 100 కిలోవాట్లతో 837 కిలోహెర్ట్జ్ మీద పలికితే జిల్లాలు దాటి వినపడేది. గురగుర ఉండేది, నిజమే. కానీ మాట అందేది. ఎఫ్‌ఎం అలా కాదు, దాదాపు చూపు ఆనినంత దూరమే దాని రాజ్యం. టవర్ 100 మీటర్లు ఉంటే నేల వంపు అడ్డొచ్చేలోగా నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ పోతుంది. మధ్యలో కొండ నిలబడితే అదీ లేదు. పవర్ పెంచినంత మాత్రాన కొండ అవతలికి మాట దాటదు. మైదానంలో గీసిన వృత్తాన్ని తూర్పు కనుమల మీద పరిచి ‘కవరేజీ’ అని రాసుకుంటే కాగితానికి నొప్పి ఉండదు. పాడేరు దారిలో ఒక్క మలుపు తిరగ్గానే గొంతు పోయిన రేడియోకు తెలుస్తుంది దాని విలువ.

2023 ఏప్రిల్ 28న ప్రధాని ఒకేసారి 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లను ప్రారంభించారు. 18 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాలు, 84 జిల్లాలు. మన రెండు రాష్ట్రాలకూ వాటా దక్కింది. ఆహా ఓహో అన్నారు. ఒక్కోటి ఎంత పవర్‌దో తెలుసా? 100 వాట్లు. అన్నీ కలిపి అదనంగా 35 వేల చదరపు కిలోమీటర్లకు చేరతాయని సర్కారే చెప్పింది. భాగించి చూడండి. ఒక్కోదాని వంతు 385 చదరపు కిలోమీటర్లు, అంటే చుట్టూ 11 కిలోమీటర్లు. ఒకటి రెండు మండలాలు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విస్తీర్ణం ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అడవీ కొండలూ లేవనుకున్నా అలాంటివి ఇరవై దాకా కావాలి. అయినా ఒక్కటి పెట్టగానే ఆ జిల్లా పేరు జాబితాలోకి ఎక్కుతుంది. ఊరివాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియోకు నిబంధనలు మామూలుగా ఇచ్చే గరిష్ఠ పవర్ కూడా ఆ 100 వాట్లే! సంగారెడ్డి జిల్లా మాచనూరులో పల్లె మహిళలు 2008 నుంచి నడిపిన సంఘం రేడియో పరిధి ‘స్థానికం’. అదే 100 వాట్లు సర్కారు చేతిలో పడితే జిల్లా మొత్తం లెక్కలోకొస్తుంది.

ప్రైవేటు ఎఫ్‌ఎంతో ఈ లోటు తీరుతుందని ఆశపెట్టుకోనక్కర్లేదు. 2024 ఆగస్టులో కేబినెట్ 234 పట్టణాల్లో 730 చానళ్ల వేలానికి పచ్చజెండా ఊపింది. ఆంధ్రప్రదేశ్‌కు 22 పట్టణాల్లో 68, తెలంగాణకు 10 పట్టణాల్లో 31. కనీస ధర మొత్తం రూ.784.87 కోట్లు. విజయనగరం ఉంది, పాడేరు లేదు. ఆదిలాబాద్ ఉంది, ఉట్నూరు లేదు. వ్యాపారి ప్రకటనలు దొరికే చోటే టవర్ వేస్తాడు, తప్పుపట్టలేం. కానీ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ ఆస్తిని అమ్ముకునే సర్కారు, కొనేవాడు రాని ఊళ్లకు తానే మాట చేర్చాలి కదా.

మీడియం వేవ్‌కు కరెంటు ఖర్చు ఎక్కువని, వినేవాళ్లు తగ్గారని, అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయని అధికారులు అంటారు. ఖర్చు మాట నిజమే. ఫోన్ మాటే నిలవదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఆ ఫోన్లు ఏమయ్యాయో ఉత్తరాంధ్ర మరిచిపోలేదు. కరెంటు లేదు, నెట్‌వర్క్ లేదు. ఈ సంగతి కేంద్రానికీ తెలుసు. తెలుసు కాబట్టే ఫోన్లలో ఎఫ్‌ఎం రిసీవర్‌ను ఆపేయొద్దని, విపత్తుల్లో అదే దిక్కని 2023లో తయారీదారులకు సలహా ఇచ్చింది. ఫోన్‌లో రేడియో ఉండాలట, ఊళ్లో సిగ్నల్ లేకున్నా ఫర్వాలేదట!

ఏ ట్రాన్స్‌మిటర్ మాట ఏ ఊరిదాకా నిజంగా వినపడుతోందో ఊరూరా కొలిచి, మండలాలవారీగా మ్యాపులు బయటపెట్టాలి. అంతవరకు తెలుగు రాష్ట్రాల్లో ఒక్క మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌నూ కట్టేయకూడదు. ఢిల్లీలో మనకు 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. ఎఫ్‌ఎం వచ్చిందంటూ రిబ్బన్ దగ్గర ఫొటో దిగడానికి తీరిక దొరికినవాళ్లు, ఒక చిన్న రేడియో జేబులో వేసుకుని తమ నియోజకవర్గం చివరి ఊరిదాకా వెళ్లి రావాలి. అక్కడ వినపడింది బుర్రుమనే చప్పుడే అయితే, సభలో లేచి ఆ 99 శాతం ఎక్కడిదని మంత్రిని నిలదీయాలి.