రెండున్నర లక్షల భయం

ఇది 2008 అక్టోబర్. ఈ నెల 28న దీపావళి, సరిగ్గా వారానికి నవంబర్ 4న అమెరికా అధ్యక్ష ఎన్నికలు. మొన్న తలా ఒక వంట తెచ్చుకునే దసరా పాట్‌లక్‌లో భోజనాలయ్యాక పదిమందిమి చేరి మాట్లాడుకుంటే తేలిన లెక్క ఇదీ: నలుగురు డెమోక్రాట్ ఒబామాకి, ముగ్గురు రిపబ్లికన్ మెకెయిన్‌కి, మిగిలిన ముగ్గురూ గోడ మీద పిల్లులు. ఆ ముగ్గురూ రోజూ వార్తలు చూసేవాళ్లే, డిబేట్లు వదలనివాళ్లే, కానీ ఇంకా తేల్చుకోలేదు. ఎందుకని అడిగితే ముగ్గురిదీ ఒకటే మాట, "ఒబామా వస్తే మన టాక్సులు పెరుగుతాయి కదండీ!"

ఇది ఆ ముగ్గురి కోసం రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు ఒబామాకే. ఈ పత్రిక వేసే మన సంఘం ఎవరి పక్షమూ వహించకూడదు కాబట్టి ఇది పూర్తిగా నా సొంత గోల, మెకెయిన్ తరఫున ఎవరైనా రాస్తే పక్క పేజీలోనే వేస్తామని సంపాదకులు అంటున్నారు, రాయండి. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2004లో నేను బుష్‌కే వేశాను. పౌరసత్వం వచ్చాక నా మొదటి ఓటు అది.

"మన వర్జీనియాలో మన ఓటుతో ఏమవుతుందిలే" అనేవాళ్లకి ఒక్క మాట. 1964 తర్వాత ఈ రాష్ట్రం అధ్యక్ష పదవికి డెమోక్రాట్‌ని గెలిపించలేదు, నిజమే, అందుకే ఇన్నేళ్లూ అధ్యక్ష ఎన్నికలప్పుడు మన మొహం చూసినవాడు లేడు. ఈసారి చూడండి, ఇద్దరూ మాటిమాటికీ ఇక్కడికే వస్తున్నారు, ఫోన్లు మోగిపోతున్నాయి. రెండేళ్ల కిందట సెనేట్ ఎన్నిక గుర్తుందిగా? మన దేశపు మూలాలున్న కుర్రాడు వీడియో తీస్తుంటే వేలు చూపించి వెక్కిరించిన రిపబ్లికన్ జార్జ్ ఆలెన్, డెమోక్రాట్ జిమ్ వెబ్ చేతిలో ఓడిపోయాడు, తేడా ఎంతో తెలుసా, 23 లక్షలకి పైగా ఓట్లు పడితే పదివేలు కూడా లేదు. అందులో మన ఓట్లెన్నో నేను లెక్కపెట్టలేదుగానీ గుడి పార్కింగ్‌లో ఆ వారమంతా ఇదే మాట.

సరే, టాక్సు సంగతి. ఒబామా చెప్పేది, భార్యాభర్తల ఆదాయం రెండున్నర లక్షల డాలర్లు దాటితే బుష్ ఇచ్చిన తగ్గింపు రద్దు, క్లింటన్ నాటి రేట్లు మళ్లీ వస్తాయి, అంటే పై రెండు స్లాబులు 36, 39.6 శాతం. ఒంటరివాళ్లకి ఆ గీత రెండు లక్షలు. అంతకన్నా తక్కువ సంపాదించేవాళ్లకి పెంపు లేదు, పైగా పనిచేసే మనిషికి 500, జంటకి 1,000 డాలర్ల క్రెడిట్ (కట్టాల్సిన టాక్సులోంచి తగ్గించే మొత్తం) ఇస్తానంటున్నాడు. మెకెయిన్ బుష్ తగ్గింపులన్నీ అందరికీ అలాగే ఉంచుతాడు, కంపెనీల టాక్సు 35 నుంచి 25 శాతానికి దించుతాడు, పిల్లలూ ఆధారపడినవాళ్లూ ఉంటే ఒక్కొక్కరికి ఇచ్చే 3,500 మినహాయింపుని మెల్లమెల్లగా 7,000 చేస్తాడు. చివరిది ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంటికి మంచిదే, కాదనను. అన్నట్టు ఈ మెకెయినే 2001లోనూ 2003లోనూ ఆ బుష్ తగ్గింపులకి వ్యతిరేకంగా ఓటేశాడు. అప్పుడు ఆయన చెప్పిన కారణాలు నాకు ఇప్పటికీ నచ్చుతాయి, ఆయనకే నచ్చడం మానేశాయి.

మన భయం ఎక్కడుందంటే, రెండున్నర లక్షలు దాటితే మొత్తం సంపాదన మీదా టాక్సు పెరుగుతుందనుకుంటున్నాం. కాదు. దాటిన ముక్క మీదే. జంటకి పన్ను లెక్కకొచ్చే ఆదాయం 2,60,000 అనుకోండి, పైనున్న పదివేల మీద 33 శాతం బదులు 36, అంటే కాస్త అటూ ఇటూగా 300 డాలర్లు. ఏడాదికి! మోటెల్ నడిపేవాళ్లూ కన్సల్టింగ్ కంపెనీ పెట్టుకున్నవాళ్లూ ఇంకా భయపడుతున్నారు, వాళ్లకీ లెక్క వ్యాపారం మొత్తం మీద కాదు, ఖర్చులన్నీ పోగా మిగిలిన లాభం మీద. ఆ పదిమందిలో ఆ గీత దాటినవాళ్లు ఇద్దరుంటారేమో, భయపడేది మాత్రం పదిమందీ. ఎప్పటికైనా దాటుతామని ఆశ, అది మంచిదే, దాటిన రోజు ఆ 300 కట్టేసి ఒక పార్టీ ఇవ్వండి.

టాక్సు గురించి ఇంత మాట్లాడేవాళ్లు ఇన్సూరెన్సు దగ్గరికొచ్చేసరికి "ఇద్దరూ ఏదో చేస్తామంటున్నారు" అని తేల్చేస్తారు. నాకు అసలు తేడా కనిపించేది అక్కడే.

2001 చివర్లో డాట్‌కామ్ దెబ్బకి మా ఇంట్లో నా ఉద్యోగం పోయింది, ఇన్సూరెన్సు నాదే, ఇద్దరు చిన్నపిల్లలు. ఉద్యోగం పోయాక పాత కంపెనీ ఇన్సూరెన్సునే మొత్తం మనమే కట్టి కొనసాగించుకునే కోబ్రా ప్రీమియం చూస్తే కళ్లు తిరిగాయి, దాదాపు అద్దె అంత. చవగ్గా వస్తుంది కదా అని బయట సొంతంగా పాలసీకి అప్లై చేశాం. ఫారమ్‌లో మా ఇంట్లోవాళ్లకి షుగర్ ఉందని నిజాయతీగా రాశాం. రెండు వారాలకి ఉత్తరం వచ్చింది, పిల్లలకీ నాకూ ఇస్తారట, ఆ మనిషికి ఇవ్వరట. అవసరమున్న ఒక్క మనిషినీ వదిలేసి మిగతా ముగ్గురికీ ఇస్తామన్న ఆ తెలివికి నేను ఇప్పటికీ నోరు వెళ్లబెడతాను. ఉన్న పొదుపు కరగబెట్టి కోబ్రా కట్టాం, అదృష్టం కొద్దీ ఎనిమిదో నెలలో ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు మెకెయిన్ ప్లాన్ చూడండి. కంపెనీ మన తరఫున కట్టే ప్రీమియం మీద ఇప్పుడు మనకి టాక్సు లేదు. ఆయన దాన్ని మన ఆదాయంలో కలిపి ఇన్‌కమ్ టాక్సు వేస్తానంటున్నాడు, బదులుగా కుటుంబానికి 5,000, ఒంటరివాళ్లకి 2,500 క్రెడిట్. లెక్క వేద్దాం. ఈ ఏడాది కంపెనీల ద్వారా వచ్చే కుటుంబ ఇన్సూరెన్సు సగటున 12,680 డాలర్లు, అందులో కంపెనీ వాటా 9,300 చిల్లర. 25 శాతం స్లాబులో ఉంటే దాని మీద టాక్సు 2,300 పైచిలుకు. క్రెడిట్ 5,000. అంటే మనకి 2,600 మిగులు! ఇది దాచిపెట్టి "మెకెయిన్ మీ ఇన్సూరెన్సు మీద టాక్సు వేస్తాడు" అని మాత్రమే చెప్తున్న మా ఒబామా పక్షంవాళ్ల టీవీ యాడ్లు నాకు నచ్చలేదు. మొదటి ఏడాది కాగితం మీద ఆయన లెక్కే లాభం.

మరి ఎక్కడ తంటా? ఇదే కుటుంబ ప్రీమియం 1999లో 5,791 ఉండేది, తొమ్మిదేళ్లలో రెండింతలు దాటింది. క్రెడిట్ మాత్రం మామూలు ధరల లెక్కన పెరుగుతుందట. ప్రీమియం ఒకవైపు పరిగెడుతుంటే క్రెడిట్ వెనకాల నడుచుకుంటూ వస్తుంది. అదైనా ఓర్చుకోవచ్చు. పెద్ద తంటా ఏమిటంటే, ఉద్యోగి చేతికే క్రెడిట్ వచ్చాక "మీరే కొనుక్కోండి" అని కంపెనీలు, ముఖ్యంగా చిన్నవి, చేతులు దులుపుకోవడం సులువవుతుంది. అప్పుడు కుర్రాళ్లు బయట చవగ్గా కొనుక్కుంటారు. షుగరూ బీపీ ఉన్నవాళ్లు, అంటే నలభై దాటిన మనలో సగం ఇళ్లు, మాకొచ్చిన లాంటి ఉత్తరాలు అందుకుంటారు. ఏ రాష్ట్రం నుంచైనా పాలసీ కొనుక్కోవచ్చు అనేది ఆయన రెండో మాట. వినడానికి బాగుంది, కానీ నియమాలు తక్కువున్న రాష్ట్రానికి కంపెనీలన్నీ చేరితే షుగర్ ఉన్నవాడికి చోటిచ్చేదెవరు? అలాంటివాళ్లకి విడిగా ఒక పథకం పెడతామంటున్నాడు, జబ్బులున్నవాళ్లందరినీ ఒక గుంపు చేస్తే ప్రీమియం ఎంతవుతుందో ఊహించుకోండి.

ఒబామా చెప్పేది, కంపెనీ ఇన్సూరెన్సు ఉన్నవాళ్లకి అది అలాగే ఉంటుంది. లేనివాళ్లకి పాలసీలు పోల్చి చూసి కొనుక్కోవడానికి దేశమంతటికీ ఒక ఎక్స్ఛేంజి, అందులో ప్రైవేటు పాలసీలతో పాటు ప్రభుత్వ పాలసీ ఒకటి, ముందే జబ్బుందని ఎవరినీ కాదనకూడదు. పెద్ద కంపెనీలు ఇన్సూరెన్సు ఇవ్వకపోతే డబ్బు కట్టాలి, చిన్న వ్యాపారాలకి ప్రీమియంలో సగం దాకా టాక్సు క్రెడిట్. ఏటా కుటుంబానికి 2,500 తగ్గిస్తానని కూడా అంటున్నాడు, దాన్ని నేను నమ్మను. పిల్లలకి తప్ప పెద్దలకి ఇన్సూరెన్సు తప్పనిసరి చేయననడం కూడా తప్పే, ఈ విషయంలో హిల్లరీ క్లింటన్ చెప్పిందే సరి, అందరూ కట్టకపోతే జబ్బు చేశాకే కొంటారు. ఇన్ని లోపాలున్నా, ఉద్యోగం పోతే షుగర్ ఉన్న మనిషికి ఇన్సూరెన్సు దొరుకుతుందా అనే నా ఒక్క ప్రశ్నకి "దొరుకుతుంది" అని చెప్పింది ఆయనే. లేమన్ బ్రదర్స్ బ్యాంకు మునిగిన ఈ శరదృతువులో ఉద్యోగం పోవడం ఎక్కడో జరిగే విషయం కాదు కదా. (ఎండాకాలం మన దగ్గరికొచ్చే అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్సు గురించి మాత్రం ఇద్దరూ నోరెత్తలేదు.)

ఇక "ఇండియాకి ఎవరు మంచి" అనే పాత పాట. అణు ఒప్పందానికి ఇద్దరూ ఓటేశారు, ఈ నెల 1న సెనేట్‌లో 86-13తో గట్టెక్కింది, ఆ ఘనత బుష్‌ది, నేను వేసిన ఓటులో మిగిలిన మంచి అదొక్కటే అనిపిస్తుంటుంది. 2006లో ఇంధనం ఇవ్వడానికి హద్దు పెట్టాలని ఒబామా ఒక సవరణ తెచ్చాడు, ఆ విషయంలో మెకెయినే మనకి గట్టి నేస్తం. స్వేచ్ఛా వాణిజ్యంలోనూ అంతే. ఉద్యోగాలు బయటికి పంపే కంపెనీలకి టాక్సు రాయితీలు ఆపుతానని ఒబామా అన్నప్పుడల్లా హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి నన్ను తిడతాడు. పోయినేడాది ఒబామా క్యాంపెయిన్ వాళ్లు హిల్లరీని పంజాబ్ సెనేటర్ అని ఎగతాళి చేస్తూ కాగితం వదిలి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు, అది మర్చిపోలేదు. కానీ తమ్ముడి ఓటు అక్కడుంది, నా ఓటు ఇక్కడుంది.

వీసాలు, గ్రీన్ కార్డుల విషయంలో ఇద్దరి మాటలూ ఒకేలా ఉంటాయి, ఇద్దరూ 2006లో పెద్ద ఇమిగ్రేషన్ బిల్లుకి ఓటేశారు. ఆ బిల్లు అసలు మెకెయిన్, కెనెడీ కలిసి మొదలుపెట్టినదే. ఈ జనవరిలో రిపబ్లికన్ డిబేట్‌లో మాత్రం, అదే బిల్లు ఇప్పుడొస్తే ఓటు వేయనని ఆయనే చెప్పాడు, ముందు సరిహద్దు సంగతి చూడాలట. ఏప్రిల్‌లో 65,000 ప్లస్ 20,000 హెచ్-1బి ఉద్యోగ వీసాలకి ఐదు రోజుల్లో లక్షా 63 వేల అప్లికేషన్లు పడి లాటరీ తీశారు, పోయినేడాది జులైలో గ్రీన్ కార్డు అప్లికేషన్ల తేదీలు తెరిచి మళ్లీ మూసేస్తే మనవాళ్లు గాంధీగిరి అంటూ ఇమిగ్రేషన్ డైరెక్టరుకి పూలు పంపారు. ఆ పూలు పంపిన పిల్లలకి ఓటు లేదు. వాళ్లు మనకన్నా బాగా పోల్స్ చదువుతారు, పాపం.

ఇరాక్ గురించి పెద్దగా చెప్పను. 2002లోనే యుద్ధం వద్దన్నవాడు ఒబామా, వెళ్లాలన్నవాడు మెకెయిన్, సైన్యాన్ని పెంచితే పరిస్థితి మెరుగైందన్న మెకెయిన్ మాట నిజమైంది, అయినా మన సైనికులు నాలుగు వేలమందికి పైగా పోయాక 16 నెలల్లో బయటపడదామన్న ఒబామా మాటే నాకు నచ్చుతోంది. పాకిస్తాన్‌లో బిన్ లాడెన్ ఆచూకీ దొరికి అక్కడివాళ్లు కదలకపోతే మేమే కొడతామని ఒబామా అన్నప్పుడు, అలాంటివి పైకి అనకూడదని మెకెయిన్ మందలించాడు. మన పెద్దవాళ్లు ఎవరి మాటకి చప్పట్లు కొట్టారో వేరే చెప్పాలా?

మెకెయిన్ మీద నాకు గౌరవం ఉంది, ఐదున్నరేళ్లు వియత్నాం జైల్లో ఉండి, ముందుగా వదిలేస్తామంటే నా ముందు పట్టుబడ్డవాళ్లని వదలండి అన్న మనిషి. ఆయన్ని వదిలేయడం నాకు తేలిగ్గా జరగలేదు. లేమన్ దివాలా తీసిన సెప్టెంబర్ 15నే మన ఆర్థిక వ్యవస్థ పునాదులు గట్టిగానే ఉన్నాయన్నాడు, తొమ్మిది రోజులకి కొంప మునిగిందని క్యాంపెయిన్ ఆపేశాడు, డిబేట్ వాయిదా వేయమన్నాడు, మళ్లీ డిబేట్‌కి వచ్చాడు. 29న ప్రతినిధుల సభలో బ్యాంకుల్ని ఆదుకునే 70 వేల కోట్ల డాలర్ల బిల్లు ఓడిపోయి స్టాక్ మార్కెట్ సూచీ డౌ 777 పాయింట్లు పడ్డ రోజు నేను నా రిటైర్మెంటు పొదుపు ఖాతా 401(కె) తెరిచి చూసి మూసేశాను, మళ్లీ తెరవలేదు. అలాంటి రోజుల్లో గంటకో మాట మార్చే మనిషి వద్దనిపించింది. 72 ఏళ్ల వయసులో, అలాస్కా గవర్నరై రెండేళ్లు కూడా కాని సారా పేలిన్‌ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా పక్కన పెట్టుకోవడం ఇంకో దెబ్బ. ఒబామాకీ అనుభవం తక్కువే, కానీ ఆయన పక్కన 1973 నుంచి సెనేట్‌లో ఉన్న బైడెన్‌ని పెట్టుకున్నాడు, తనకి లేనిదేమిటో తెలిసినవాడు.

నిన్న రాత్రి ఆ ముగ్గురిలో ఒకాయన ఫోన్ చేశారు. 300 డాలర్ల లెక్క చెప్పాను, ఆయన మళ్లీ కాలిక్యులేటర్‌లో వేసుకుని సరిచూసుకున్నారు. తర్వాత మావాళ్ల షుగర్ సంగతి అడిగి, "మాకూ అంతేనండీ" అని కాసేపు ఊరుకున్నారు. ఇంకా ఆలోచిస్తానన్నారు. ఆలోచించమనండి, వర్జీనియాలో పోలింగ్ నవంబర్ 4న పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా ఉంది.