అరటికి దుప్పటి

(మంచు పడే రోజులు వచ్చాయి. పెరట్లోని అరటికి నిలువునా దుప్పటి చుట్టి, పైన ప్లాస్టిక్ సంచీ తొడిగి, తాడు బిగించి జగన్నాథం గారు చేతులు దులుపుకొంటున్నారు.)

విశాలాక్షి: ఉన్ని దుప్పటి కోసం నేను ఇల్లంతా గాలిస్తుంటే, అది ఈ అరటిచెట్టు ఒంటిమీద ఉన్నదా!

జగన్నాథం: చెట్టు కాదు, మొక్క. మనం కాండమనుకొనే ఈ బోదె ఆకుల మట్టలు ఒకదానిపై ఒకటి చుట్టుకోగా ఏర్పడినది. అసలు కాండం నేలలోని దుంప.

విశాలాక్షి: అసలుది నేలలో ఉంటే నా దుప్పటి పైనెందుకున్నది? దుంప మీద ఎండుటాకులు మందంగా పరిస్తే సరిపోయేది కదా?

జగన్నాథం: దుంప బతికితే వసంతంలో కొత్త పిలక వస్తుంది, కాదనను, కానీ పువ్వు దుంపలో పుట్టి ఈ బోదె నడుమ గుండానే పైకి రావాలి కనుక, ఏటేటా బోదెను చలికి బలిపెట్టి మళ్లీ మొదటినుంచి పెంచుకుంటూ కూర్చుంటే గెలను కళ్లజూసే యోగం మనకు ఉండదు.

విశాలాక్షి: అంత తెలిసినవారు ప్లాస్టిక్ ఎందుకు తొడిగారండీ? పగటి ఎండకు లోపల ఆవిరి పట్టి, అది రాత్రికి నీరై కారితే, మీ బోదె చలికన్నా ముందు కుళ్లుతో పోతుంది. పైగా ఆకులను కూడా మడిచి లోపల కుక్కారు!

జగన్నాథం: పచ్చని ఆకు కోయడానికి చేతులు రాలేదు.

విశాలాక్షి: పచ్చగా ఉన్నన్నాళ్లూ ఉంచవలసిందే. నిన్నటి మంచుకు నల్లబడ్డాక కూడా మమకారమేనా? చుట్టూ ఉన్న ఆ 5 పిలకల సంగతేమిటి?

జగన్నాథం: పసివాళ్లను కూడా నరకమంటావా?

విశాలాక్షి: చలి తగ్గాక ఒకటో రెండో వారసులను ఉంచి మిగిలినవి తీసేయాలి. సూదిమొన ఆకులున్నదాన్ని ఉంచండి. చిన్నప్పుడే వెడల్పాటి ఆకులు వేసినది చూడటానికి ఘనంగానే ఉంటుంది గానీ, తల్లి దుంపతో దాని బంధం అంతంతమాత్రం.

జగన్నాథం: మీ తమ్ముడు గుర్తుకొచ్చాడు.

విశాలాక్షి: ముందు ఆ ఆకులు కోయండి!

(ఆయన సంచీ విప్పి, కత్తి అందుకొని మొదటి ఆకు కోశారు. కోసినచోటి నుంచి కారిన పసరు సరిగ్గా దుప్పటి నడిబొడ్డున పడింది. అరటి కర ఏ సబ్బుకు లొంగిందని!)

జగన్నాథం: ఎలాగూ పాడయింది కనుక దీన్నే మళ్లీ చుట్టేదా?

విశాలాక్షి: తడిస్తే త్వరగా ఆరని ఉన్ని దానికి వద్దు. చుట్టూ తీగవల నిలిపి, లోపల ఎండుగడ్డి కూరి, గాలి ఆడేలా పైన మూత పెట్టి వాన పడకుండా చూడండి చాలు. మరక ఉన్నా సరే, ఆ దుప్పటి నేనే కప్పుకొంటాను.

జగన్నాథం: ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఉన్ని దుప్పటే కదా, మరి నాకు?

విశాలాక్షి: ఎండుగడ్డి మిగులుతుంది లెండి. మందంగా పరిచి, పైన మూత కూడా పెడతాను.