తర్కశాస్త్రం పుస్తకాలు ఉచితమే, తెలుగులోనే కరువు

పిల్లలను ఇంట్లోనే చదివించి, 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష రాయించే తల్లిదండ్రులు వరంగల్, హన్మకొండల్లోనూ ఉన్నారు. గణితానికీ సైన్సుకూ వాళ్లకు పుస్తకాల కొరత లేదు. వాదన చెల్లుతుందో లేదో గుర్తుల సాయంతో తేల్చే ఫార్మల్ లాజిక్ దగ్గరికి వచ్చేసరికే దారి తెలియడం లేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంటర్ ఆర్ట్స్ విద్యార్థులు లాజిక్‌ను ఒక సబ్జెక్టుగా తీసుకునే వీలుండేది, దాన్ని తీసుకున్నవాళ్లు కొద్దిమందే. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తగ్గించినప్పుడు పదకొండో తరగతి గణితం నుంచి తర్కానికి సంబంధించిన అధ్యాయాన్నే తీసేసింది. బడిలోనే లేని విషయానికి గైడు ఎవరు రాస్తారు? ట్యూషన్ ఎవరు చెబుతారు?

పుస్తకాలు మాత్రం దొరుకుతాయి, అదీ పైసా ఖర్చు లేకుండా. నేను మొదట సూచించేది ‘ఫర్ ఆల్ ఎక్స్’. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించే పి.డి. మాగ్నస్ 2005లో దీన్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు. తర్వాత కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు దాన్ని పెంచి, సరిదిద్ది, తమ ప్రతిని తయారు చేసుకున్నారు. ఇంటి చదువుకు ఈ కాల్గరీ ప్రతి మేలు. ఎంపిక చేసిన అభ్యాసాలకు జవాబులు విడిగా దొరుకుతాయి. పీటర్ స్మిత్ రాసిన కేంబ్రిడ్జ్ పాఠ్యపుస్తకం రెండో కూర్పు కూడా ఇప్పుడు ఉచితమే. వివరణలో అది ఇంకా ఓపికగా సాగుతుంది, కానీ పదిహేనేళ్ల పిల్లలకు కాస్త బరువు. వీడియో పాఠాలు కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ కాన్పూర్ అధ్యాపకుల కోర్సులున్నాయి.

పుస్తకం కంటే పెద్ద చిక్కు దిద్దేవాళ్లు లేకపోవడం. గణితంలో జవాబు 42 అయితే వెనక పేజీ చూసి సరిపోల్చుకోవచ్చు. నిరూపణ అలా కుదరదు, ఒకే ముగింపుకు చేరడానికి నాలుగు రకాల దారులుంటాయి. అమ్మానాన్నలకు ఆ విద్య రాకపోతే పిల్లవాడు రాసింది తప్పో ఒప్పో చెప్పే దిక్కుండదు. ఈ లోటును ఓపెన్ లాజిక్ ప్రాజెక్టు వారి ఉచిత ప్రూఫ్ చెకర్, అంటే ఇంటర్నెట్‌లో నిరూపణను సరిచూసే సాధనం, చాలావరకు తీరుస్తుంది. ఒక్కో వరుస రాసి, పక్కన ఏ నియమం వాడామో, అది ఏ వరుసల మీద ఆధారపడిందో చెబితే, ఎక్కడ నియమం తప్పామో చూపిస్తుంది. పిల్లలు ఎవరి ముందూ బెదరకుండా పదిసార్లు తప్పు చేసి దిద్దుకోవచ్చు. పుస్తకం దించుకున్న రోజే దీన్నీ తెరిచి పెట్టమని తల్లిదండ్రులకు నా గట్టి సలహా.

ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయన్నది అసలు బాధ. ఇంగ్లీషు వచ్చిన పిల్లలకైనా తర్కం మాతృభాషలో తగలాలి, ఎందుకంటే వాళ్లు వాదించేది తెలుగులో, మోసపోయేదీ తెలుగులోనే. ‘మేడారం జాతర జరుగుతుంటే హన్మకొండ బస్టాండు కిటకిటలాడుతుంది. బస్టాండు కిటకిటలాడుతోంది. కాబట్టి జాతర జరుగుతోంది.’ ఈ వాదన చెల్లదని, దసరా సెలవులకూ బస్టాండు అలాగే నిండుతుందని మన పిల్లలు చప్పున పట్టేస్తారు. ఇంకో వాక్యం చూడండి: ‘పిల్లలందరూ పరీక్ష రాయలేదు.’ ఒక్కరూ రాయలేదనా, కొందరు మానేశారనా? రెండర్థాలూ వస్తాయి. గుర్తుల్లోకి మార్చేటప్పుడు ఆ రెంటినీ రెండు వేర్వేరు వాక్యాలుగా రాయక తప్పదు. నిషేధం, అంటే ‘లేదు’, ‘కాదు’ అనే మాట, ఎంతవరకు వర్తిస్తుందో పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. విదేశీ పుస్తకాల్లో ఇలాంటి తెలుగు వాక్యం దొరకదు.

‘మనకు తర్కసంగ్రహం ఉండగా ఈ గుర్తుల గోల ఎందుకు’ అనేవారూ ఉన్నారు. దాన్ని రాసిన పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు మన తెలుగువాడే. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని తేల్చే పద్ధతిని అంత క్లుప్తంగా చెప్పిన గ్రంథం అరుదు, పిల్లలచేత తప్పక చదివించాలి. అయితే ఆ గ్రంథం చెప్పే న్యాయశాస్త్రం, అంటే మన ప్రాచీన తర్కం, ఉదాహరణ అడుగుతుంది, వంటింటి పొగను చూపించమంటుంది, నిజమైన జ్ఞానం కలిగిందా అని చూస్తుంది. ఫార్మల్ లాజిక్ వాక్యాల్లోని విషయాన్ని పక్కనపెట్టి వాటి రూపాన్నే పరీక్షిస్తుంది. కంప్యూటర్ సైన్సుకైనా, ఉన్నత గణితానికైనా కావలసింది ఈ రెండోదే. ఒకటి చదివితే రెండోది వచ్చినట్టు కాదు.

తెలుగులో పునాది బొత్తిగా లేదని కాదు. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి గణితంలో ‘గణితంలో నిరూపణలు’ అనే చివరి అధ్యాయం ఉంది. ప్రవచనం, ప్రత్యుదాహరణ, నిగమన పద్ధతి అన్నీ అందులో చక్కని తెలుగులో ఉన్నాయి, ఉచితంగా దించుకోవచ్చు. ఇంటి చదువు పిల్లలు అక్కడే మొదలుపెట్టడం మంచిది. దాని తర్వాతి మెట్టే తెలుగులో సులువుగా దొరకడం లేదు.

ఆ మెట్టు కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ‘ఫర్ ఆల్ ఎక్స్’ కాల్గరీ ప్రతి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వచ్చింది. మూల రచయితల పేర్లు చెప్పి, ఏం మార్చామో చెబితే ఎవరైనా అనువదించవచ్చు, ఉదాహరణలు మార్చవచ్చు, అచ్చు వేయవచ్చు. వరంగల్‌లో ఎన్ఐటీ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, రెండింటిలోనూ గణిత విభాగాలున్నాయి. పారిభాషిక పదాలకు తెలుగు అకాడమీ కోశాలున్నాయి. పుస్తకమంతా ఒకేసారి అక్కర్లేదు. వాదన అంటే ఏమిటి, అది ఎప్పుడు చెల్లుతుంది, వాక్యం ఎప్పుడు నిజమో ఎప్పుడు అబద్ధమో చూపే సత్య పట్టిక ఎలా వేయాలి అనే తొలి అధ్యాయాలు చాలు. గణితం అధ్యాపకులొకరు, తెలుగు పండితులొకరు కలిసి కూర్చుంటే ఒక వేసవిలో అయ్యే పని. ఆ ప్రతిని ముందుగా నాలుగైదు కుటుంబాల పిల్లలచేత చదివించి, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో గుర్తించి, అక్కడ తిరగరాసిన తర్వాతే అచ్చుకు పంపాలి.